బోరు వేసినవాడిదేనా నీరు? ఊరందరిదా?

చీనీతోట (అనంతపురం జిల్లా):
మాకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. 340 అడుగుల బోరు, రెండున్నర ఇంచుల నీళ్లు. పన్నెండేళ్లు ఆ బోరే మమ్మల్ని సాకింది. పోయిన వేసవిలో పక్క పొలం అన్న మా గట్టుకు దగ్గర్లోనే కొత్త బోరు వేయించాడు. రిగ్గు రాత్రంతా నడిచింది. 600 అడుగుల దాకా తెల్లదుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆయన భార్య మూతికి కొంగు అడ్డం పెట్టుకొని ఆ దుమ్ములోనే కూర్చుంది, లేవమన్నా లేవలేదు. 880 దగ్గర తడి తగిలింది. 920కి నీళ్లు పైకి చిమ్మాయి. కొబ్బరికాయ కొట్టారు, నేనూ సంతోషించాను. వారం తిరక్కముందే మా పైపులో నీళ్లు ఆగి ఆగి రావడం మొదలైంది. ఇరవై రోజులకు పూర్తిగా నిలిచిపోయాయి.

ఆయన మీద నాకు కోపం లేదు. అప్పు చేసి తన పొలంలో బోరు వేసుకున్నాడు. కానీ ఆయన తోడుతున్నది నిన్నటిదాకా నా చెట్లు తాగిన నీరే కదా. భూమికి హద్దురాళ్లు పాతాం, కింద నీటికి హద్దెక్కడ? నా మటుకు నాకు నీరు అందరి ఆస్తి కావాలనిపిస్తోంది. మీరేమంటారు?

లెక్కలతో మాట్లాడదాం (హైదరాబాద్):
మీ కష్టం అర్థమైంది అన్నా. కానీ మీరు చెప్పే మందు వల్ల రోగం ముదురుతుంది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి ఇంటికెళ్తే కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు నడుస్తుంది, నీళ్లు మడి దాటి డొంకలో పారినా అడిగే దిక్కుండదు. అందరిది అన్నదాన్ని కాపాడాలని ఎవరికీ పట్టదు.

చిలీ 1981లో నీటి చట్టం చేసింది. నీటి హక్కును భూమి నుంచి విడదీసి, కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు అంది. దాని చలవ వల్ల ఎడారిలాంటి లోయల్లో పండ్ల తోటలు లేచి ఎగుమతులు పెరిగాయి. నీటికి యజమాని, ధర ఉంటే బొట్టు బొట్టుకూ లెక్క ఉంటుంది. మీ పక్క పొలం ఆయన మీకు పరిహారం ఇచ్చాకే తోడాలి అనే రోజు అప్పుడే వస్తుంది.

కేసీ కాలువ గట్టు (నంద్యాల):
నీళ్లమ్మే కంపెనీని మా ప్రాంతం నూట యాభై ఏళ్ల కిందటే చూసింది. కేసీ కాలువను, అంటే కర్నూలు-కడప కాలువను, తవ్వింది మొదట ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. లండన్‌లో పది లక్షల పౌండ్ల వాటాలు సేకరించారు. ఆ పెట్టుబడికి 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వం. అంటే లాభమొస్తే వాటాదారులది, రాకపోతే పన్ను కట్టే మా తాతలది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా కాలువ తెచ్చారు, పడవలు కూడా నడపాలనుకున్నారు. డబ్బంతా అయిపోయినా పని పూర్తి కాలేదు. మళ్లీ ప్రభుత్వమే అప్పిచ్చింది.

తీరా నీళ్లొచ్చాక రైతులు కొనలేదు. మాది నల్లరేగడి. వానకు నానితే చాలు, జొన్న, పత్తి పండుతాయి. అలాంటి నేలకు కాలువ నీళ్లు పెట్టి, దానికి రేటు కట్టమంటే ఎవరు కడతారు? ఆ నేలను ఎరిగినవాళ్లను ఒక్కమాట అడిగితే చెప్పేవాళ్లు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. ఈరోజు మా ఇంట్లో నాలుగు మెతుకులు ఉన్నాయంటే అది ఆ తర్వాత ఆ కాలువ అందరిదీ అయినందుకే. కాలువ తవ్వినవాళ్ల శ్రమకు దణ్ణం పెడతాను, కానీ నీటిని సరుకుగా చూసిన లెక్క ఇక్కడ నిలబడలేదు.

లెక్కలతో మాట్లాడదాం:
కేసీ కాలువ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు, థాంక్స్. అయితే అది తప్పుడు అంచనా వల్ల మునిగిన వ్యాపారం. దాన్నిబట్టి ధర అనేదే తప్పు అనలేం. ప్రభుత్వ కాలువల కింద చివరి ఆయకట్టు గతి చూడండి. పైన తూము దగ్గర ఉన్నవాడు రెండు పంటలు వరి వేస్తాడు, చివర ఉన్నవాడికి ఒక ఆరుతడి పంటకు కూడా నీళ్లు అందవు. నీటి సంఘాల కోసం 1997లో చట్టం చేసినా చివరి రైతు ఇంకా ఇంజనీరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. దీన్ని అందరి ఆస్తి అని ఎలా అంటారు?

టెమ్స్ ఒడ్డు (ఇంగ్లండ్):
ఉద్యోగం కోసం ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఒక్క ముక్క. 1989లో ఇంగ్లండ్, వేల్స్‌లో నీటి సంస్థల పాత అప్పులన్నీ మాఫీ చేసి అమ్మేశారు. ఇప్పుడు ఆ కంపెనీల మీద వేల కోట్ల పౌండ్ల అప్పుంది, ఈ ముప్పై ఐదేళ్లలో వాటాదారులు డివిడెండ్లు మాత్రం తీసుకున్నారు. నదుల్లోకి మురుగు వదులుతున్నారని ఇక్కడి జనం మండిపడుతున్నారు. మా ఇంటికి నీళ్లిచ్చే కంపెనీ ఒక్కటే. నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారే దారి లేదు. పోటీ లేని చోట మార్కెట్ అనే మాటకు అర్థమేముంది? పారిస్ నగరం 2010లో నీటి సరఫరాను కంపెనీల నుంచి తిరిగి తన చేతిలోకి తీసుకుంది, మరుసటి ఏడాది ధర 8 శాతం తగ్గించింది.

పాలమూరు ఆడపడుచు (హైదరాబాద్):
నేను చట్టాలు చదవలేదు. మా అపార్ట్‌మెంట్ సంపు గురించి చెప్తాను. ఇరవై నాలుగు ఇళ్లు. మార్చి వచ్చిందంటే బోరు ఎండుతుంది. వాచ్‌మన్ రోజూ పొద్దున సంపులో కర్ర దించి, తడిసిన చోట చెయ్యి పెట్టి చూపిస్తాడు, ఇంత ఉంది అమ్మా అని. జానెడు ఉంటే ట్యాంకర్‌కు ఫోన్. రాత్రి పదకొండుకు వస్తుంది, ఒక్కోసారి రెండుకు. ప్రైవేట్ ట్యాంకర్ రేటు ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి. బేరం ఆడితే "వద్దంటే చెప్పండి, పక్క గేటు వాళ్లు అడుగుతున్నారు" అంటాడు. మేము కడతాం, మాకు జీతాలున్నాయి. మా వాచ్‌మన్ పెళ్లాం మాత్రం బట్టలు ఉతికిన నీళ్లు బకెట్‌లో పట్టి బాత్రూమ్‌కు వాడుతుంది.

ఆ ట్యాంకర్ ఎక్కడ నిండుతుందో నాకు తెలుసు. ఊరవతల మా పెద్దమ్మ వాళ్ల ఊర్లో. రోడ్డు పక్క ప్లాట్‌లో నాలుగు బోర్లు, పగలూ రాత్రీ వరసగా లారీలు. ప్లాట్ ఆయన తన నీళ్లు తాను అమ్ముకుంటున్నాడు. పెద్దమ్మ బోరు రెండేళ్ల కింద ఎండిపోయింది, బర్రెలు అమ్మేసింది. పోయిన ఎండాకాలం మా సంపులో పైపు వేసి నింపుతుంటే చల్లటి వాసన వచ్చింది, మా ఊరి బావి వాసన. నాకు ఏడుపొచ్చింది. లెక్కల అన్నా, ధర పెడితే బొట్టు బొట్టుకూ లెక్క ఉంటుంది అన్నారు. మా పెద్దమ్మ బొట్టు ఏ లెక్కలో ఉంది?

వకీలు బల్ల:
ఈ బాధకు మూలం ఎక్కడుందో చెప్తాను. తన నేల కింద, కాలువలా పారని నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానిదే అని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం అంటోంది. కేసీ కాలువను ప్రభుత్వం కొన్న ఏడాదే ఈ చట్టమూ వచ్చింది. పైన పారే నీరు సర్కారుది, కింద ఊరే నీరు పాస్‌బుక్ ఉన్నవాడిది. ఎడ్లతో మోట తోలే రోజుల్లో పెద్ద తేడా రాలేదు. ఒకడు ఎంత తోడినా సాయంత్రానికి ఎడ్లు అలిసిపోయేవి. వెయ్యి అడుగుల రిగ్గు వచ్చాక ఆ చట్టం డబ్బున్నవాడి చట్టమైపోయింది.

కేరళలోని ప్లాచిమడలో కోకాకోలా ఫ్యాక్టరీ నడిచినప్పుడు ఈ ప్రశ్నే కోర్టుకెక్కింది. 2003 డిసెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి, భూగర్భ జలం ప్రజలందరి తరఫున ప్రభుత్వం కాపాడాల్సిన సొత్తు అన్నారు. 2005లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ తీర్పును తోసిపుచ్చి, రోజుకు 5 లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చంది. ఫ్యాక్టరీ 2004లో ఆగింది, మళ్లీ తెరుచుకోలేదు. ఆపింది చట్టం కన్నా ఎక్కువగా మయిలమ్మ లాంటి ఆదివాసీ ఆడవాళ్ల పట్టుదల. మనకు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ఉంది. ఊరందరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు కూడదనే నిబంధన అందులో ఉంది. మీ ఊళ్లో ఎవరైనా టేపు పట్టి కొలవగా చూశారా?

లెక్కలతో మాట్లాడదాం:
అక్కా, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రాత్రి చిలీ గురించి ఇంకొంచెం చదివాను. పెటోర్కా లోయలో అవకాడో తోటలకు నీటి హక్కులున్నాయి, పక్క ఊళ్లకు తాగునీరు ట్యాంకర్లలో వస్తోంది. 2022లో మనుషుల అవసరానికే మొదటి హక్కు అని చట్టం మార్చాల్సి వచ్చింది. ముందు రాసినప్పుడు ఈ సగం నేను చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. అయినా ధర వద్దంటే మాత్రం ఒప్పుకోను. ధర లేకపోతే మోటార్లు ఆగవు.

చీనీతోట:
ధర వద్దని నేనూ అనడం లేదు తమ్ముడూ. ఇజ్రాయెల్‌లో 1959 చట్టం నీటి వనరులన్నిటినీ ప్రజల ఆస్తి చేసింది. నీ పొలంలో బావి ఉన్నా తోడాలంటే లైసెన్సు కావాలి. మీటరు ఉంటుంది, డబ్బు కట్టాలి. యాజమాన్యం వేరు, ధర వేరు. ఈ రెంటినీ ముడేసి మాట్లాడుకున్నందుకే మనం ఇంతసేపు పోట్లాడాం. పూర్వం చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఆయన మాట. ఆయనకు ఊరు ధాన్యం కొలిచేది. చెరువు ఆయనది కాదు, అయినా ఆయన పనికి విలువ కట్టారు.

బోర్లకు మాత్రం నీరుగంటి లేడు. మా జిల్లాలోనూ కొన్నేళ్లు కొన్ని ఊళ్లలో రైతులే బోర్లలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి, వాన ఎంత పడిందో రాసుకొని, రబీకి ఎంత నీరుందో గోడ మీద రాసి, దాన్నిబట్టి పంట వేసుకున్నారు. ఫలానా పంట వేయకూడదని ఎవరూ నిర్బంధించలేదు. అంకెలు గోడ మీద కనిపిస్తుంటే వరి వేసేవాడికి మొహమాటం వచ్చేది.

నిన్న సాయంత్రం పక్క పొలం అన్న దగ్గరకు వెళ్లాను. ఆయన బోరు, ఇంకో ఇద్దరివి ఒకే పైపులైనుకు కలిపి, నలుగురం డ్రిప్‌తో వంతులు వేసుకుందామన్నాను, కొత్త బోర్లు ఎవరూ వేయొద్దన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి నా 920 అడుగుల అప్పు?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. నీరు నలుగురిదీ అయితే ఆ అప్పు ఒక్కడిది ఎలా అవుతుంది? ఇలా బోర్లు కలుపుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఖర్చు ఎలా పంచుకున్నారో రాయండి. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.

లెక్కలతో మాట్లాడదాం:
అన్నా, బోరు ఖర్చు, కేసింగ్, మోటారు, వడ్డీ విడివిడిగా పంపించండి. ఎకరాల మీద పంచితే ఒక లెక్క, వంతు గంటల మీద పంచితే ఇంకో లెక్క వస్తుంది. రెండూ వేసి శనివారం లోపు పెడతాను.