గ్లెన్‌వ్యూ షాపుల మధ్య ఆ పాత కంట్రోల్ టవర్ ఏంటి?

నేపర్‌విల్_నాన్న:
పోయిన ఆదివారం మా బాబుని షికాగో దగ్గర గ్లెన్‌వ్యూలో కోల్ పిల్లల మ్యూజియంకి తీసుకెళ్ళాం. అది అయ్యాక ఏదైనా తిందామని దగ్గర్లోని షాపుల వైపు వెళ్తే అక్కడో పెద్ద పాత భవనం, దాని నెత్తి మీద అచ్చం ఎయిర్‌పోర్టులో ఉండేలాంటి కంట్రోల్ టవర్. చుట్టూ బట్టల కొట్లు, అపార్ట్‌మెంట్లు, రన్‌వే జాడే లేదు. "నాన్నా, విమానాలన్నీ ఎటు వెళ్ళిపోయాయి?" అని అడిగాడు వాడు. ఏం చెప్పాలో తెలియలేదు. ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు ఎవరైనా చెప్తారా?

పాత_రెక్కలు:
మీ వాడు సరైన ప్రశ్న అడిగాడండి. అది గ్లెన్‌వ్యూ నేవల్ ఎయిర్ స్టేషన్. మీరు చూసింది హ్యాంగర్ వన్ (హ్యాంగర్ అంటే విమానాలు పెట్టే షెడ్డు), 1929లో కర్టిస్-రెనాల్డ్స్ అనే మామూలు ఎయిర్‌పోర్టు కోసం కట్టారు. 1937లో అమెరికన్ నేవీ అక్కడికి వచ్చింది, 1995లో బేస్ మూసేశారు. హ్యాంగర్ కూడా పోయేదే, స్థానికులు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు.

అసలు కథ రెండో ప్రపంచ యుద్ధకాలానిది. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న ఊళ్ళో నేవీ పైలట్లకి ఓడ మీద దిగడం నేర్పారు! ఓడలు మిషిగన్ సరస్సులో ఉండేవి. 1942లో అట్లాంటిక్ తీరం పొడుగునా జర్మన్ సబ్‌మెరైన్లు తిరుగుతున్నాయి, ఉన్న కొద్ది క్యారియర్లూ (విమానాలు ఎగిరే, దిగే యుద్ధనౌకలు) యుద్ధంలో ఉన్నాయి, శిక్షణకి ఒక్కటి కూడా ఇవ్వలేని పరిస్థితి. అప్పుడు కమాండర్ రిచర్డ్ వైట్‌హెడ్ అనే అధికారి పెట్టిన ప్రతిపాదన ఇది. సరస్సులోకి శత్రువు రాలేడు, కాపలా ఓడలు అక్కర్లేదు. అక్కడ జనాన్ని విహారానికి తిప్పే పాత ఆవిరి ఓడలు రెండు తీసుకుని, పై అంతస్తులు కోసేసి, విమానాలు దిగే డెక్ వేశారు. ఒకటి వుల్వరీన్, 1942 ఆగస్టులో సిద్ధమైంది. రెండోది సేబుల్, 1943 మేలో. రెండూ బొగ్గుతో నడిచేవి, పక్కల పెద్ద చక్రాలు తిరిగే ఓడలు. ప్రపంచంలో ఇలాంటి క్యారియర్లు ఈ రెండే. రాత్రికి షికాగో నేవీ పియర్ దగ్గరికి వచ్చి ఆగేవి, మనం బంధువులు వచ్చినప్పుడల్లా జెయింట్ వీల్ ఎక్కించడానికి తీసుకెళ్ళే ఆ చోటికే.

గోదావరి_గట్టు:
నేవీ పియర్‌కి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు, ఈ ముక్క ఇవాళే తెలిసింది. ఇంకోటి అన్నా, విల్మెట్‌లో బహాయి గుడి ఉంది కదా, ఢిల్లీ లోటస్ టెంపుల్ కట్టినవాళ్ళదే. గ్లెన్‌వ్యూ నుంచి లేచిన పైలట్లు దాని మీదుగా సరస్సులోకి వెళ్ళేవాళ్ళని చదివాను, తెల్లటి గోపురం దూరం నుంచి గుర్తు పట్టడానికి తేలికట. అప్పటికి గుడి ఇంకా పూర్తవలేదు, జనానికి తెరిచింది 1953లో.

డెక్_మీద_పదేళ్ళు:
నేను ఇండియన్ నేవీలో చేశాను. పైలట్‌ని కాదు, మన క్యారియర్ విక్రమాదిత్య డెక్ మీద పని. మిగ్-29కె ఫైటర్ విమానం వచ్చి, డెక్ కి అడ్డంగా కట్టిన తీగని కొక్కెంతో పట్టుకుని ఆగడం వందలసార్లు చూశాను, అయినా ప్రతిసారీ ఊపిరి బిగపట్టేవాణ్ణి. మన పైలట్లు కూడా ముందు గోవాలో హన్సా బేస్‌లో నేల మీద ప్రాక్టీస్ చేసి, తర్వాతే ఓడకి వస్తారు. నేల మీద ఎంత బాగా దిగినా ఓడ వేరు, అది కదులుతూ ఉంటుంది.

గ్లెన్‌వ్యూ వాళ్ళ పని ఇంకా కష్టం. ఓడ ఎదురుగాలిలోకి వేగంగా వెళ్తే విమానానికి డెక్ మీద గాలి దొరుకుతుంది. ఈ చక్రాల ఓడలు నెమ్మది. గాలి లేని రోజు బరువైన విమానాలు దిగడానికి వీలుపడదు, ఇక ఆ రోజుకి వాటి పని ఆగినట్టే. పైగా కింద హ్యాంగర్ లేదు, లిఫ్ట్ లేదు. పాడైన విమానాలు డెక్ మీద జాగా ఆక్రమిస్తే పని ఆపి ఒడ్డుకి రావాల్సిందే. షికాగో చలికాలంలో ఆ డెక్ మీద నిలబడ్డ కుర్రాళ్ళని తలుచుకుంటే నా చేతులు కొంకర్లు పోతున్నాయి.

పాత_రెక్కలు:
సరిగ్గా చెప్పారు. అలాంటి ఓడల మీదే 17,820 మంది పైలట్లు పాసయ్యారు. వాళ్ళలో సీనియర్ జార్జ్ బుష్ ఒకరు, 1943 ఆగస్టులో సేబుల్ మీద, అప్పటికి ఆయనకి 19 ఏళ్ళు. వందకు పైగా విమానాలు సరస్సులో పడ్డాయి. చాలామందిని వెంటనే బయటికి తీశారు కానీ ఎనిమిది మంది పైలట్లు చనిపోయారు. బుష్ పేరు అందరికీ తెలుసు, ఆ ఎనిమిది మంది పేర్లు ఎవరూ తలవరు. నాకు అదే బాధ.

ఉక్కునగరం_అమ్మాయి:
ఇది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తనది వైజాగ్ వన్ టౌన్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి కదా, ఆ రాత్రే వీళ్ళ ఇల్లంతా మూటలు కట్టుకుని పల్లెకి వెళ్ళిపోయారట. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి వెళ్ళామని ఎప్పుడూ చెప్పేది. ఆ విమానాలు ర్యూజో అనే క్యారియర్ నుంచి వచ్చాయి. ఇప్పుడు తేదీలు చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది, వుల్వరీన్ నేవీలో చేరింది 1942 ఆగస్టు 12న, ర్యూజోని అమెరికన్ విమానాలు ముంచింది అదే ఆగస్టు 24న. అమ్మమ్మ బతికుంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

గోదావరి_గట్టు:
మాది కాకినాడే అండి. మా తాతయ్య కూడా ఆ రోజు హార్బర్ వైపు పొగ చూశానని చెప్పేవారు.

నేపర్‌విల్_నాన్న:
అందరికీ చాలా థ్యాంక్స్. టవర్ గురించి అడిగితే వైజాగ్ దాకా వచ్చాం. మావాడికి చూపించడానికి ఆ విమానాలు ఎక్కడైనా మిగిలాయా?

పాత_రెక్కలు:
మిగిలాయి. చల్లటి మంచినీళ్ళు కాబట్టి అడుగున దశాబ్దాల పాటు పాడవకుండా ఉన్నాయి. ఒహేర్ ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2లో ఉన్న వైల్డ్‌క్యాట్ ఫైటర్ విమానం ఈ సరస్సులోంచి తీసిందే. ఇండియా నుంచి వచ్చేవాళ్ళం టెర్మినల్ 5లో దిగి బయటికి వెళ్ళిపోతాం, అందుకే మన కంట పడదు. ఫ్లోరిడా వెళ్తే మాత్రం పెన్సకోలా నేవీ మ్యూజియంలో 2106 నంబరు డాంట్‌లెస్ బాంబర్ తప్పకుండా చూపించండి. 1942లో జపాన్‌తో జరిగిన మిడ్‌వే యుద్ధంలో 200కు పైగా తూటా రంధ్రాలతో తిరిగొచ్చిన విమానం అది. దాన్ని శిక్షణకి పంపితే 1943 జూన్‌లో ఇక్కడ సరస్సులో పడింది. 1994లో పైకి తీశారు. ఇంకా అడుగునే ఉన్నవాటిని క్వాగా అనే ఆల్చిప్పలు పొరలు పొరలుగా పట్టేసి పాడుచేస్తున్నాయి. తీయదలుచుకుంటే త్వరగా తీయాలి.

ఓడలు రెండూ 1945 నవంబరులోనే పని మానేశాయి, తర్వాత తుక్కు కింద అమ్మేశారు. వాటిది చూడ్డానికి ఏమీ లేదు.

నేపర్‌విల్_నాన్న:
శనివారం ఒహేర్‌లో మా చెల్లెల్ని దింపాలి, తన ఫ్లయిట్ టెర్మినల్ 2 నుంచే. ఆ వైల్డ్‌క్యాట్ సెక్యూరిటీ బయట ఉందా, లోపలా? బయట ఉంటే బాబుని కూడా తీసుకెళ్తాను.