తునికి పండు కావాలంటే పిలక తవ్వి నాటాలా, గింజ పెట్టాలా?

చెల్కగట్టు: ఎర్ర చెల్క. గట్టు మీద పండు కోసం ఓ పది తునికి చెట్లు కావాలి. పక్క పట్టాలో పెద్ద చెట్టు చుట్టూ మోకాలెత్తు పిలకలు బోలెడున్నాయి. వానలు పడగానే తవ్వి నాటితే నాలుగైదేళ్లు కలిసిరావా?

గుట్టదారి: రావండీ. ఆ పిలక బతికేది తల్లి చెట్టు వేరు మీద. పలుగేసి తవ్వితే చేతికొచ్చేది అడ్డంగా పాకే లావు వేరు ముక్క, దానికి పీచు వేళ్లు దాదాపు ఉండవు. నాటాక ఆకు వాడిపోతుంది, అంతే. గింజే పెట్టండి. మే నెలలో రాలిన మెత్తటి పండ్లు ఏరి, ఇసుకతో రుద్ది గుజ్జు పోయేలా కడిగి నీడన ఆరబెట్టాలి. జూన్‌లో ఒక రోజు నానేసి, నేరుగా గట్టు మీదే గుంతకు మూడు చొప్పున అంగుళం లోతున పెట్టాలి. చిన్న కవర్లలో వద్దు, తల్లివేరు మొక్కను మించి దిగి అడుగున చుట్ట చుట్టుకుంటుంది. నెల దాటినా మొలక రాలేదని తవ్వి చూడకండి.

పొదమాట: గింజ మొక్క మొదటి ఏళ్లలో జానెడు దాటడమే గగనం, ఈలోగా మేకలు, వేసవిలో నిప్పు. అంతకంటే చెల్కలో నాగలికి తెగి మళ్లీ మళ్లీ చిగురించే పొదలను వెతకండి. నిటారుగా ఉన్న ఒక్క కొమ్మ ఉంచి మిగతావి నేలమట్టంగా కోసేయండి, కొత్త పిలకలు వచ్చినప్పుడల్లా చిదిమేయండి. కింద పాత వేరుంది, అదే తోసుకొస్తుంది.

గుట్టదారి: తవ్వకుండా ఉన్నచోటే పెంచితే సరే. కానీ తునికిలో మగ చెట్లు, ఆడ చెట్లు విడివిడిగా ఉంటాయి. ఒక మగ చెట్టు వేరు పిలకలు పది పెంచితే పదీ మగవే, ఒక్క పండూ రాదు! ఏప్రిల్, మే పూతలో చూడండి: పూలు గుత్తిగా ఉంటే మగది, ఆకు పంగలో ఒంటిగా ఉంటే ఆడది. పూత రాకముందు పోల్చుకోలేం కాబట్టే గింజ మొక్కలు కొన్నైనా కలపమంటున్నా.

చెల్కగట్టు: అదే చెట్టుకు బీడీ ఆకు కూడా కోసుకోవచ్చా?

కల్లంలెక్క: రెండూ కుదరవు. ఆకు కోసం ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొడితే నలభై, నలభై అయిదు రోజులకు లేతాకు వస్తుంది. పండుకైతే పూత నుంచి దాదాపు ఏడాది పడుతుంది. అంటే కొమ్మ కొట్టినప్పుడల్లా మీద ఉన్న కాయ, రాబోయే పూత రెండూ పోతాయి. పైగా 50 ఆకుల కట్టలు వెయ్యి అయితేనే ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే ఆకు అమ్మకంలో వాడే కొలత. పది చెట్లకు అదేం లెక్క? ఆకు అమ్మకం మీద 1971 నాటి చట్టం కూడా ఉంది, అటవీశాఖను అడక్కుండా దిగకండి.

పొదమాట: ఆకు మాట వదిలేయండి. పండు ఏరేటప్పుడు పసుపు రంగు చూసి మోసపోవద్దు, నొక్కితే గట్టిగా ఉన్నది వగరుకు నాలుక పట్టేస్తుంది. రాలి మెత్తబడ్డదే తొక్క తీసి చప్పరించి గింజ ఊసేయాలి. అడవి అంచున అయితే తెల్లవారుజామున వెళ్లకండి, ఎలుగుబంటికీ అదే పండు, అదే వేళ.