ఫాసిజానికీ అంతర్జాతీయ టెర్రరిజానికీ గొలుసు ఉందా? స్విస్ బ్యాంకరు జెనూ కథ ఒక్కటీ సరిపోతుందా? మారుపేర్లతో ముగ్గురి వాదన.

పాతదస్త్రం:
హిట్లర్, ముస్సోలినీ పోయినా ఫాసిజం చావలేదు, టెర్రరిజంగా వేషం మార్చుకుంది అనేది నా వాదన. సాక్ష్యం ఫ్రాన్సువా జెనూ (1915-96), లోజాన్‌లో పుట్టిన స్విస్ బ్యాంకరు. చనిపోయేదాకా హిట్లర్ భక్తుడే. 1936లో జెరూసలేం ముఫ్తీ (ముస్లిం మత పెద్ద) అమీన్ అల్ హుస్సేనీని కలిశాడు. ఆ ముఫ్తీయే 1941 నవంబర్ 28న బెర్లిన్‌లో హిట్లర్ ముందు కూర్చున్నాడు. జెనూ 1958లో జెనీవాలో అరబ్ కమర్షియల్ బ్యాంకు పెట్టించాడు, ఫ్రాన్సు పాలన మీద పోరాడిన అల్జీరియా విముక్తి సంస్థ ఎఫ్ఎల్ఎన్ నిధులు దాంట్లోకే చేరాయి. 1969లో జూరిక్‌లో ఇజ్రాయెల్ సంస్థ ఎల్ అల్ విమానం మీద కాల్పులు జరిపిన పీఎఫ్ఎల్పీ (పాలస్తీనా సాయుధ సంస్థ) వాళ్ల విచారణలో వాళ్ల పక్షాన ఉన్నాడు. ఇంకేం కావాలి?

తూనికరాయి:
ఇంకా చాలా కావాలండీ. మీరు చూపించింది ఒక మనిషిని. ఫ్రాన్సులో అల్జీరియా కూలీల దగ్గర వసూలైన ఎఫ్ఎల్ఎన్ చందాని సూట్‌కేసుల్లో మోసింది ఎవరు? ఫ్రాంసిస్ జాన్‌సన్ బృందం. వాళ్లు వామపక్షం వాళ్లు, జాన్‌సన్ స్వయంగా నాజీల మీద పోరాడిన సైన్యంలో చేరినవాడు. డబ్బు దారిని బట్టి సిద్ధాంతం తేల్చేస్తే ఎఫ్ఎల్ఎన్‌ని ఏ గాటన కడతారు? పీఎఫ్ఎల్పీ అయితే తనని మార్క్సిస్టునని చెప్పుకున్న సంస్థ.

పాతదస్త్రం:
మరి 1972 ఫిబ్రవరి 22? ఢిల్లీ నుంచి ఏథెన్స్ వెళ్తున్న జర్మన్ సంస్థ లుఫ్తాన్సా జంబోని పాలస్తీనా వాళ్లు హైజాక్ చేసి యెమెన్‌లోని ఏడెన్‌లో దించారు, 50 లక్షల డాలర్లు గుంజారు. ఆ డబ్బు అడిగిన బెదిరింపు లేఖ వెనక జెనూ ఉన్నాడు కదా.

తూనికరాయి:
ఉన్నానని జెనూయే చెప్పుకున్నాడు. అదీ పావు శతాబ్దం తర్వాత, ఒక ఫ్రెంచి జర్నలిస్టుకి. నిజమే కావచ్చు. కానీ నిందితుడి గొప్పలు నేరం ఒప్పుకోలుగా పనికొస్తాయేమోగానీ చరిత్ర అయిపోవు.

లెక్కలపుస్తకం:
మధ్యలో దూరుతున్నా. జెనూ కన్నా గట్టి ఉదాహరణ హాఫ్‌మన్ దళం. పశ్చిమ జర్మనీ 1980 జనవరిలో ఈ నియో నాజీ ముఠాని నిషేధిస్తే, కొందరు లెబనాన్ వెళ్లి పాలస్తీనా సంస్థ ఫతా శిబిరంలో తలదాచుకున్నారు. కానీ బేరం చూడండి: ముఠా నాయకుడు హాఫ్‌మన్ అక్కడికి పంపింది జర్మన్ సైన్యం వాడి వదిలేసిన పాత వాహనాలు. సరుకు ఇటు, ఆశ్రయం అటు. శిబిరంలో వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు, 1981కల్లా అంతా చెదిరిపోయింది. దీన్ని సంబంధం అనొచ్చు, వారసత్వం అనలేం.

తూనికరాయి:
అదే. ఇంకోటి, గొలుసులు తయారుచేసేవాళ్లూ ఉంటారు. 1980 ఆగస్టు 2న ఇటలీలోని బొలోన్యా రైల్వే స్టేషన్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. నయా ఫాసిస్టులకి శిక్షలు పడ్డాయి. 1981 జనవరి 13న అదే స్టేషన్‌లో, టారంటో-మిలాన్ రైల్లో ఒక సూట్‌కేసు దొరికింది: ఆయుధాలు, పేలుడు పదార్థం, మ్యూనిక్‌కీ పారిస్‌కీ విమానం టికెట్లు. దర్యాప్తుని విదేశీయుల మీదికి మళ్లించడానికి అది పెట్టించింది ఇటలీ సైనిక గూఢచారి సంస్థ అధికారులే. కోర్టు శిక్ష వేసింది కూడా.

పాతదస్త్రం:
సరే, "వేషం మార్చుకుంది" అన్న మాట వెనక్కి తీసుకుంటా. ముఫ్తీ సంగతి మాత్రం వదలను. 1943లో బోస్నియా ముస్లింలని నాజీల సాయుధ విభాగం ఎస్ఎస్ దళంలోకి రమ్మని తిరిగి ప్రచారం చేసింది ఆయనే.

లెక్కలపుస్తకం:
చేశాడు, కాదనేవాడు లేడు. అక్కడి నుంచి 1972 దాకా మధ్యలో ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇచ్చారో ఒక్క కాగితం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.