బాతు పిల్లలకు తవుడు ఎంతవరకు పెట్టొచ్చు? ఎంజైమ్ కలిపితే ఉపయోగం ఉంటుందా?

3 వారాల బాతు పిల్లలు 40 ఉన్నాయండి. నూకలు, తవుడు, కొంచెం సోయా చెక్క తడిపి పెడుతున్నాను. ఈ వారం తవుడు సగం దాకా పెంచాను, అదే తప్పయిందేమో, రెట్ట జిగురుగా పడుతోంది, రెండు పిల్లలైతే నాలుగడుగులు వేసి కాళ్లు వంకరపెట్టి కూలబడుతున్నాయి.

తవుడులో భాస్వరం ఉన్నా చాలావరకు ఫైటేట్ రూపంలో ఉండి ఒంటబట్టదని, ఫైటేజ్ అనే ఎంజైమ్ కలిపితే విడుదలవుతుందని చదివాను. కిలో మేతకు 500 యూనిట్లు సరిపోతుందా, జైలనేజ్ (పీచును అరిగించే ఎంజైమ్) కూడా ఉన్నది తీసుకోవాలా? కాళ్ల సంగతి నియాసిన్ (బి3 విటమిన్) లోపమైతే ఎంజైమ్‌తో తీరదు కదా, ఈస్ట్ కూడా పెట్టాలా?

ఇంకోటి, తవుడు తెచ్చి నెలైంది, నలిపి చూస్తే ముక్కిన వాసన వస్తోంది. బూజు కనపడలేదు కానీ బాతులకు అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) అసలు పడదంటారు, అదే టెన్షన్. పారేయాలా? పెంచినవాళ్లు చెప్పండి ప్లీజ్.