మా పాప రిమోట్‌తో "హాయ్ ఫ్రెండ్స్" ఆట ఆడుతోంది. ఆదివారం షాపింగ్ కాకుండా మీరేం చేస్తారు?

మియాపూర్ అమ్మ:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మా పాపకి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. పోయిన బుధవారం నేను వంటింట్లో ఉంటే హాల్లోంచి ఏవో మాటలు వినబడ్డాయి. తొంగి చూశాను. టీవీ రిమోట్‌ని సోఫా దిండుకి ఆనించి నిలబెట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "హాయ్ ఫ్రెండ్స్, ఈ రోజు ఏమేం తెచ్చుకున్నామో చూద్దామా?" అంటూ కూరగాయల సంచీలోంచి ఒక్కొక్కటే తీసి రిమోట్‌కి చూపిస్తోంది. "ఇది బీరకాయ. ఎంత క్యూట్‌గా ఉందో చూడండి. లింక్ కింద ఇచ్చాను."

నవ్వొచ్చింది. వాళ్ల నాన్న అయితే పడీ పడీ నవ్వాడు. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ "లింక్ కింద ఇచ్చాను" నా చెవిలో తిరుగుతూనే ఉంది.

ఇది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. ఆఫీసు నుంచి వచ్చి వంట మొదలుపెట్టగానే ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి ఒక ఫ్యామిలీ ఛానల్ పెట్టుకుంటాను. పేరెందుకులెండి. వాళ్లకి ఇద్దరు పిల్లలు, చిన్నవాడిది మా పాప వయసే. పిల్లల మీద అరవరు, కసురుకోరు. అందుకే నచ్చింది కూడా. కానీ మొన్న పనిగట్టుకుని వాళ్ల రెండు నెలల వీడియోలు వరసగా చూశాను. దసరా షాపింగ్, దీపావళి షాపింగ్, పిల్లాడి పుట్టినరోజు షాపింగ్, ఆ పుట్టినరోజుకి వచ్చిన గిఫ్టుల అన్‌బాక్సింగ్, చలికాలం బట్టలు. పిల్లాడు ఎప్పుడూ ట్రాలీలోనే. ఒక వీడియోలో కళ్లు నులుముకుంటూ "ఇంటికెళ్దాం మమ్మీ" అంటాడు. "వెళ్దాం కన్నా, ఫ్రెండ్స్‌కి బై చెప్పు" అంటుంది వాళ్లమ్మ. చెప్పాడు పాపం. చెయ్యి కూడా ఊపాడు.

"పిల్లల్ని ఒక్కసారైనా పార్కుకి తీసుకెళ్లండి" అని కింద కామెంట్ రాయడం మొదలుపెట్టాను. పోస్ట్ నొక్కబోతూ ఆగి లెక్కేసుకున్నాను, గత ఆరు ఆదివారాలు మేం ఎక్కడికెళ్లాం అని. నాలుగుసార్లు మాల్. ఒకసారి సూపర్‌మార్కెట్. ఒకసారి మా ఆడపడుచు ఇంటికి, అదీ దారిలో బట్టల షాపులో దిగి. మా దగ్గర కెమెరా లేదు, అంతే తేడా. కామెంట్ చెరిపేశాను.

నా ప్రశ్నలు రెండు. ఈ ఛానల్స్ వాళ్లకి షాపింగ్ తప్ప ఇంకేం దొరకదా? రెండోది అసలు ప్రశ్న: ఐదేళ్ల లోపు పిల్లలతో సెలవు రోజు మీరేం చేస్తారు? దయచేసి యాక్టివిటీ బాక్స్ కొనమని చెప్పకండి. పన్నెండు వందలు పోసి కొన్నవి రెండు అటక మీద ఉన్నాయి. అదీ షాపింగే కదా.

కెమెరా వెనక మనిషి:

మీ మొదటి ప్రశ్నకి నేను చెప్తానండీ. ఏడాదిన్నర పాటు ఒక ఫ్యామిలీ ఛానల్‌కి ఎడిటింగ్ చేశాను. ఏ ఊరు, ఎవరు అని అడగొద్దు.

పార్కుకి వెళ్లిన వీడియో కూడా ఒకటి చేశాం. వాళ్ల బాబు ఇసకలో కూర్చుని నలభై నిమిషాలు ఒకటే గుంట తవ్వాడు. వాడి జీవితంలో అంత మంచి ఉదయం ఉండి ఉండదు. ఫుటేజ్ నా చేతికొచ్చాక చూస్తే నలభై నిమిషాలూ వాడి వీపే. అందులో వాడుకోవడానికి ఇరవై సెకన్లు కూడా రాలేదు. అదే మాల్‌లో అయితే లైటింగ్ ఫ్రీ, అడుగడుక్కీ ఫ్రేమ్‌లోకి కొత్త వస్తువు, పిల్లాడు ట్రాలీలో ఉంటాడు కాబట్టి పారిపోడు. రెండు గంటలు తిరిగితే ఒక వీడియో రెడీ. యూట్యూబ్‌లో వీడియో ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో యాడ్స్ పెట్టుకోవచ్చు (2020 జూలై ముందు పది నిమిషాలు ఉండాల్సి వచ్చేది). కింద ఇచ్చే లింకుల కమిషన్ వేరే. బిడ్డకి ఏది బాగుంటుంది అనే ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా రాదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఈఎంఐ ఉంది, వారానికి మూడు వీడియోలు పడాలి.

నేను మానేసింది ఒక చిన్న సంగతి వల్ల. వాళ్ల పాప రిమోట్ కారు గిఫ్ట్ విప్పింది. ఎగిరి గంతేసింది. తీరా చూస్తే మైక్ ఆన్ చేయలేదు. నేనే కారుని మళ్లీ డబ్బాలో పెట్టి, రిబ్బన్ కట్టి ఇచ్చాను. "ఇందాకట్లాగే ఎగురు బంగారం" అన్నారు. ఆరేళ్ల పిల్ల. ఎగిరింది, మొదటిసారి కన్నా బాగా. ఆ రెండోదే వీడియోలో పెట్టాం.

సినిమాలో నటించే పిల్లలకి మన దేశంలో రూల్స్ ఉన్నాయి. రోజుకి ఐదు గంటలు మించకూడదు, మూడు గంటలకి మించి ఏకధాటిగా చేయించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవి 2017 నుంచీ ఉన్నాయి. ఇంట్లో అమ్మానాన్నలే తీస్తే ఎవరు లెక్కపెడతారు? బడి అయ్యాక, సెలవుల్లో పిల్లలు కుటుంబ వ్యాపారంలో సాయం చేయొచ్చని బాలకార్మిక చట్టంలోనే మినహాయింపు ఉంది. ఆ పాప పేరు మీద డిపాజిట్ ఉందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. అడగాల్సింది.

ఫ్రిస్కో నాన్న:

మియాపూర్ అమ్మగారూ, మీరు చెప్పింది చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. మేం డాలస్ పక్కన ఉంటాం. ఇక్కడి తెలుగు వ్లాగులు చూస్తే అమెరికా అంటే కాస్ట్‌కో అనే పెద్ద టోకు షాపు, దానికి ఆనుకుని పార్కింగ్ లాట్ అనుకుంటారు ఎవరైనా. వాళ్లని అని ఏం లాభం, శనివారం నేనూ అదే క్యూలో ఉంటాను.

మావాడికి ఐదేళ్లు. షాపులో వాడికి కావాల్సింది బొమ్మ కాదని చాలా లేటుగా అర్థమైంది నాకు. వాడికి కావాల్సినవి మూడు: తనే ఎంచుకోవాలి, తనే బుట్టలో వేయాలి, చివర్లో మెషీన్ దగ్గర "బీప్" మనిపించాలి. ఇవి మూడూ లైబ్రరీలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి! మా ఊరి లైబ్రరీ 2023లో కొత్త బిల్డింగ్‌లోకి మారింది. లోపలికి వెళ్లగానే పెద్ద టీ-రెక్స్ డైనోసార్ అస్థిపంజరం నమూనా ఉంటుంది. మొదటి రోజు మావాడు దాని కింద నుంచి కదల్లేదు. ఇప్పుడు సొంత సంచీ తీసుకుని వస్తాడు, పుస్తకాలు తనే బీప్ చేస్తాడు. ఒకసారి ముప్ఫై ఒకటి తెచ్చాడు, అందులో తొమ్మిది చెత్త బండ్ల గురించి. చదవమంటే ఒకటే, రోజూ అదే. సరే, ఆ చెత్త బండి కథ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

ఎడిటర్ గారు చట్టాల గురించి చెప్పారు కాబట్టి ఒక మాట. ఇక్కడ ఇల్లినాయ్ రాష్ట్రంలో 2024 జూలై 1 నుంచి, వ్లాగుల్లో బాగా కనిపించే పదహారేళ్ల లోపు పిల్లలకి సంపాదనలో వాటా పక్కన పెట్టాలని చట్టం వచ్చింది. ఫ్రాన్స్ అయితే 2020లోనే చేసింది. మా టెక్సాస్‌లో ఉంటున్న తెలుగు ఛానల్ వాళ్లకి ఇల్లినాయ్ చట్టం వర్తించదనుకోండి.

రెండు బస్సుల అమ్మ:

అందరూ ఏమీ అనుకోకండి, నాకు కొంచెం మండింది.

మాల్‌కి ఎందుకు వెళ్తాం? షోకుకి కాదు. మే నెల ఎండలో మూడేళ్ల పిల్లని ఎక్కడికి తీసుకెళ్లమంటారు? మా కాలనీలో పార్కు ఉంది, జారుడుబల్ల రేకు కాలిపోతూ ఉంటుంది, ఊయల గొలుసు తెగి ఏడాది. ఫుట్‌పాత్ మీద బైకులు. వీటన్నిటి కన్నా ముఖ్యం, పిల్ల "అమ్మా, వస్తోంది" అంటే వెళ్లడానికి శుభ్రమైన టాయిలెట్ ఒక్క మాల్‌లోనే ఉంటుంది. ఈ సంగతి నాన్నలకి తట్టదు, ఫ్రిస్కో అన్నగారూ. మీ లైబ్రరీలో టాయిలెట్ లేకపోతే ఎన్నిసార్లు వెళ్లేవారు?

నేను ఆరు రోజులు రెండు బస్సులు మారి పనికెళ్తాను. ఆదివారం పిల్లని మాల్‌కి తీసుకెళ్తాను, ఏమీ కొనను. ఎస్కలేటర్ ఎక్కుతాం, దిగుతాం. మళ్లీ ఎక్కుతాం. సెక్యూరిటీ అతను ఇప్పుడు మా పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు. ఇది కూడా తప్పేనా?

మియాపూర్ అమ్మ:

కాదండీ, నిజంగా కాదు. టాయిలెట్ సంగతి నేను రాయనే లేదు కానీ మేం మాల్‌కి పరిగెత్తేదీ సగం అందుకే. ఎస్కలేటర్ ఐడియా నాకు నచ్చింది. మేం ఎక్కడం ఎక్కడమే ట్రాలీ తీసుకుంటాం, అదీ మా జబ్బు.

బెజవాడ అమ్మమ్మ:

తల్లీ, నీ పోస్ట్ మా అమ్మాయి చదివి వినిపించింది. టైపింగ్ దానిది, మాటలు నావి.

నీ కూతురు బీరకాయ పట్టుకుని రిమోట్‌తో ఎందుకు మాట్లాడింది? ఆ సమయానికి నువ్వు వంటింట్లో ఉన్నావు, ఫోన్ నీ ఎదురుగా ఉంది. నీ ముఖం ఎటు తిరిగి ఉంటే దానికి అటే ఉండాలని ఉంటుంది. తిట్టడం లేదమ్మా, మేమూ రేడియో పెట్టుకుని వండినవాళ్లమే. ఆ బీరకాయని దాని చేతికిచ్చి తొక్క తీయించి చూడు. కత్తిపీట కాదు, పీలర్ ఇవ్వు, పక్కనే నిలబడు. చిక్కుడుకాయలకి ఈనెలు తీయించు. సగం పాడుచేస్తుంది. పావుకిలో చిక్కుడుకాయలు గంట పడతాయి. ఆ రోజు కూర ఆలస్యమవుతుంది, అంతేగా.

మా మనవడికి వామనగుంటల పీట ముందు పెడితే ఆట ఆడడు, చింతపిక్కలు ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి పోస్తాడు. ఆడమని నేను బలవంతపెట్టలేదు. వాడి లెక్క వాడిది. (మూడేళ్ల లోపు పిల్లలకి పిక్కలు ఇవ్వకు, నోట్లో పెట్టుకుంటారు.)

పోయిన సంక్రాంతి సెలవుల్లో కొండపల్లి తీసుకెళ్లాం వాణ్ణి. మాకు దగ్గరే. బొమ్మలు కొనే కొట్లో కాదు, చేసే ఇంట్లో కూర్చోబెట్టాం. తెల్ల పొనికి కర్ర చేతికిస్తే ఇంత తేలికా అని వాడు నెత్తిన పెట్టుకున్నాడు. ఏనుగుకి తొండం, కాళ్లు విడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. ఆ మక్కు రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపి చేసిన ముద్ద. "మన చింతపిక్కలేనా?" అని అడిగాడు. ఆ ముసలాయన ఇంత ముద్ద వాడి అరచేతిలో పెట్టాడు. దారి పొడుగునా దాన్ని నలుపుతూనే వచ్చాడు, కారు సీటుకి అంటించాడు, మా అల్లుడు ఇప్పటికీ అంటూ ఉంటాడు. ఒక కల్లుగీత బొమ్మ కొన్నాంలే. కొనడమే పాపం అని కాదు నేననేది.

ఇంకోటి. రైతుబజారుకి తీసుకెళ్లి ఇరవై రూపాయల నోటు దాని చేతికే ఇవ్వు. కొత్తిమీర అదే అడగాలి, చిల్లర అదే తీసుకోవాలి. నువ్వు మధ్యలో మాట్లాడకు.

కెమెరా వెనక మనిషి:

అమ్మమ్మ గారూ, మీ మాటలు వీడియో తీస్తే లక్ష వ్యూస్ వస్తాయి. అందుకే తీయొద్దు.

మియాపూర్ అమ్మ:

రెండు ఆదివారాలు అయ్యాయి, ఏం జరిగిందో చెప్తాను.

మొదటి వారం కూకట్‌పల్లి రైతుబజార్. పాప ఇరవై నోటు పట్టుకుని ఆకుకూరలావిడ ముందు నిలబడి నోరు తెరవలేదు. రిమోట్ ముందు గలగలా మాట్లాడే పిల్ల! మూడు నిమిషాలు అలాగే నిలబడింది. నాకు ప్రాణం కొట్టుకుపోతోంది, అమ్మమ్మ గారి మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. చివరికి ఆవిడే "ఏం గావాల్రా చిట్టీ?" అంది. "కొత్తిమీర" అంది మా పాప, నాకే సరిగా వినపడలేదు. రెండు కట్టలు ఇచ్చి, చిల్లర బదులు నాలుగు పచ్చిమిరపకాయలు వేసింది ఆవిడ. ఇంటికొచ్చాక ఆ మిరపకాయలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఫ్రిజ్‌లో ఎండిపోతున్నాయి.

రెండో వారం మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లాం. (శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి.) అక్కడి సంగీత గడియారం మా చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో చూశాను. ప్రతి గంటకీ గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొడతాడు. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు అని పాపకి ఊరించి ఊరించి చెప్పాను. టికెట్ లైన్ వల్ల పన్నెండూ పదికి చేరాం. యాభై నిమిషాలు నేల మీద కూర్చున్నాం. ఒంటిగంటకి గడ్డం మనిషి వచ్చాడు, ఒక్క దెబ్బ కొట్టాడు, వెళ్లిపోయాడు. "అంతేనా?" అంది పాప. పక్కన కూర్చున్న ఊరివాళ్లందరూ నవ్వారు.

అయితే ఆ యాభై నిమిషాలూ పేచీ పెట్టలేదు. అదే గడియారంలో సెకను సెకనుకీ సుత్తితో కొడుతూ ఉండే కమ్మరి బొమ్మ ఒకటి ఉంది. నేను చిన్నప్పుడు దాన్ని గమనించనే లేదు. మా పాప దాన్నే చూస్తూ మోకాలి మీద పిడికిలితో కొడుతూ కూర్చుంది. "వాడికి అన్నం ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. తిరుగు మెట్రోలో కూడా కొడుతూనే ఉంది, నిద్రపోయేదాకా.

ఫోన్ వంటింట్లోకి తేవడం మానలేదు, అబద్ధం ఎందుకు. పాటలు పెట్టుకుని తిప్పి పెడుతున్నాను. "హాయ్ ఫ్రెండ్స్" ఆట కూడా నడుస్తోంది, నిన్న మిరపకాయల మీద ఎపిసోడ్ అయింది.

వచ్చే వారం అమీన్‌పూర్ చెరువుకి అనుకుంటున్నాం. మాకు దగ్గర, చలికాలం పక్షులు వస్తాయి, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు కూడా. బైనాక్యులర్స్ కొందామన్నాడు మా ఆయన, వద్దన్నాను. ఇటీవల వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: పొద్దున ఎన్నింటికి వెళ్లాలి? దగ్గర్లో పిల్లని తీసుకెళ్లగలిగే టాయిలెట్ ఉందా?