వేట కోసం, కొండల కోసం ఐడహోకి వెళ్తే ఫుట్‌హిల్స్‌లో ఐదెకరాలు కొనొచ్చా?

ప్లేనో పిలగాడు:
అన్నలూ అక్కలూ, మీ సలహా కావాలె. ఇప్పుడు డాలస్ పక్కన ప్లేనోల ఉంటున్నం. ఐడహో రాజధాని బాయ్‌సీల చిప్పులు చేసే మైక్రాన్ కంపెనీ నుంచి ఆఫర్ ఒచ్చింది. జీతం ఇక్కడిదానికంటే పెద్దగ ఎక్కువేం కాదు, నా మనసంత వేట మీద, కొండల మీద ఉన్నది. టెక్సస్‌ల భూమి తొంభై శాతం పైనే ప్రైవేటోళ్ల చేతుల ఉంటది. జింక వేటకు పోవాలంటే ఎవరిదో ఒకరి రాంచ్‌కు లీజు కట్టాలె. ఐడహోల అరవై శాతం పైన ఫెడరల్ సర్కారు భూమే, ఎవరినీ బతిమాలకుండ పొద్దంత నడువొచ్చు. బాయ్‌సీ ఫుట్‌హిల్స్‌ల, అంటే ఊరి పక్క గుట్టలల్ల, ఐదెకరాల ప్లాటు ఒకటి చూసిన. చలికాలం మ్యూల్ డీర్ అనే జింకలు పెరట్లకే వస్తయని ఏజెంటు ఫొటోలు పంపిండు. మా ఇంటామె ఒద్దంటున్నది. నేనింక హెచ్-1బీ మీదనే ఉన్న. పోవచ్చా? కొనొచ్చా?

మెరిడియన్ మావయ్య:
ఉద్యోగానికి తప్పకుండా రా తమ్ముడూ. ఆ ప్లాటు మాత్రం కొనకు.

పెరట్లోకి జింకలొస్తాయని చూపించి అమ్ముతున్నారు కదా, వద్దనడానికి కారణం అదే. వేసవంతా పైన బాయ్‌సీ నేషనల్ ఫారెస్ట్ కొండల్లో మేసిన మ్యూల్ డీర్ మంచు పడగానే కిందికి దిగుతాయి. చలికాలం గడపడానికి వాటికి ఈ ఫుట్‌హిల్స్ తప్ప వేరే చోటు లేదు. సేజ్‌బ్రష్, బిటర్‌బ్రష్ పొదలు కొరుక్కుంటూ, వేసవిలో ఒంటికి పట్టిన కొవ్వు మీద మార్చి దాకా నెట్టుకొస్తాయి. ఆ మేతతో ఒంట్లోకి కొత్త బలమేమీ రాదు, కొవ్వు కరగడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. మీ కుక్క ఒక్కసారి తరిమిందంటే ఆ మంచులో పరిగెత్తడానికే వారం రోజుల కొవ్వు పోతుందేమో అనిపిస్తుంది చూస్తుంటే. ముందు పోయేవి ఆ ఏడాది పుట్టిన పిల్లలు. పొదల పక్కన కాళ్ళు ముడుచుకుని, డొక్కలు ఎండిపోయి, పడుకున్నవి పడుకున్నట్టే చచ్చిపోయిన కూనల్ని నేను చూశాను. ఒంటి మీద దెబ్బ ఉండదు, గాటు ఉండదు.

కుక్కని కట్టేస్తానంటావు. మరి తోట? ఇళ్ళ ముందు అందానికి పెంచే జపనీస్ యూ అనే పొద ఉంది. 2017 జనవరిలో, మంచు ఎక్కువై మేత దొరక్క పాయెట్ ఊళ్ళోకి వచ్చిన, జింకల్లాంటి ప్రాంగ్‌హార్న్‌లు అది తిని ఒక్క దెబ్బకి 50 చనిపోయాయి. నాటినవాళ్ళకి అది విషమని తెలియను కూడా తెలియదు.

నేనూ వేటగాణ్ణే. అక్టోబరులో నువ్వు గురి పెట్టబోయే జంతువు అంతకు ముందు జనవరిలో బతకాలి కదా.

గోదారోడు:
మావయ్య గారూ, మీ బాధ అర్థమైంది గానీ న్యాయం ఒకటే వైపు చెప్తున్నారండి. మీరుంటున్న, బాయ్‌సీ పక్కనున్న మెరిడియన్ మాత్రం ఏంటి? ఒకప్పుడు పాడి పశువులు, పొలాలు ఉన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో లక్షా 17 వేలు దాటింది. పదేళ్ళలో జనం పెరిగిన శాతం చూస్తే ఐడహో దేశంలో రెండోది, యూటా తరవాత. అంతమందికీ దొరికిన చోటు ఈ కుర్రాడి దగ్గరకొచ్చేసరికి పాపమైపోయిందా? ముందొచ్చినవాళ్ళు తలుపేసుకోవడం నాకు నచ్చదండి.

అసలు వేటకి దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. 2016లో టెక్సస్ కోటీశ్వరులు విల్క్స్ సోదరులు ఐడహోలో వాలీ కౌంటీ చుట్టుపక్కల సుమారు లక్షా 72 వేల ఎకరాల అడవి కొన్నారు. అంతకు ముందు కలప కంపెనీ చేతిలో ఉన్నప్పుడు తరతరాలుగా జనం అందులో వేటాడేవారు. వీళ్ళొచ్చాక గేట్లు పడ్డాయి. దాన్నొదిలేసి ఐదెకరాల వాడి మీద పడతారేంటండీ?

ఫ్రిస్కో బాబాయి:
ప్లాటు సంగతి తరవాత, ముందు తుపాకి సంగతి చూసుకో నాయనా. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఫిషింగ్ లైసెన్సు చెల్లదు. లైసెన్సు గడువు దాటాక తుపాకి బీరువాలో ఉన్నా తప్పు తప్పే, గ్రీన్‌కార్డు దాకా వెంటాడుతుంది. విల్లుతో వేటాడితే ఈ తిప్పలు లేవు. తుపాకి కొనే ముందు లాయరుని ఒకసారి అడుగు.

ఐడహోలో స్థానికుల రేటు రావాలంటే ఆరు నెలలు అక్కడే కాపురం ఉండాలి. ఎల్క్ అనే పెద్ద జింకకి లైసెన్సు, ట్యాగు (ఆ జంతువుని వేటాడే పర్మిషన్) కలిపి స్థానికులకి 60 డాలర్ల లోపు, బయటివాళ్ళకి 800 పైచిలుకు. 1975 జనవరి 1 నుంచి ఇటు పుట్టినవాళ్ళయితే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం తరవాత వేట ఆగిపోయింది కాబట్టి మనలో చాలామందికి ఇదే మొదటి పాఠం, శ్రద్ధగా నేర్చుకో.

ఇంకోటి. బాయ్‌సీలో చిప్పుల పనికి పెద్ద కంపెనీ మైక్రాన్ ఒక్కటే. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. కొండ మీద ఐదెకరాలు ఆ 60 రోజుల్లో అమ్ముడుపోతాయా?

నంపా అక్క:
మీ ఆవిడ మాట వినండి తమ్ముడూ. ఊరికి దూరంగా కొండెక్కి కూర్చుంటే ఆవిడకి పలకరించే మనిషి దొరకదు. ఇక్కడ హరేకృష్ణ మందిరం ఉంది, పండగలకి కలిసే కుటుంబాలున్నాయి, అంతా లోయలోనే. ఆగస్టు, సెప్టెంబరులో కార్చిచ్చుల పొగ వస్తుంది. 2024లో స్టాన్లీ దగ్గర వాపిటి ఫైర్ రగిలినప్పుడు పిల్లల్ని బయటికి పంపలేకపోయాం. ఫుట్‌హిల్స్‌లో చీట్‌గ్రాస్ అనే గడ్డి జూన్ కల్లా ఎండిపోయి అగ్గిపుల్లకి సిద్ధంగా ఉంటుంది, ఇంటి ఇన్సూరెన్సు ఎంత అడుగుతారో ముందే కనుక్కోండి.

ఆరుబయట బతుకు ఊళ్ళో ఉన్నా దొరుకుతుంది. నది వెంట 25 మైళ్ళ గ్రీన్‌బెల్ట్ అనే నడక దారి ఉంది. ఫుట్‌హిల్స్ ఖాళీగా ఉంచడానికి బాయ్‌సీ జనం 2001లో ఒకసారి, 2015లో ఒకసారి ఓటేసి, ప్రతిసారీ కోటి డాలర్లు తమ పన్నుల్లోంచే ఇచ్చారు. ఎల్క్ మాంసం మాత్రం అద్భుతం. కొవ్వు ఉండదు కాబట్టి వేపుడుకి నూనె కాస్త ఎక్కువ పొయ్యాలి, కుక్కర్లో రెండు కూతలు అదనంగా రానివ్వాలి.

మెరిడియన్ మావయ్య:
గోదారోడు గారూ, విల్క్స్ గేట్ల గురించి మీరన్నది అక్షరాలా నిజం. అందుకే పబ్లిక్ భూమి మీద ఇక్కడి వేటగాళ్ళకి అంత పట్టుదల. 2025 జూన్‌లో ఫెడరల్ భూముల్లో కొంత అమ్మేద్దామని యూటా సెనేటర్ మైక్ లీ పెట్టిన ప్రతిపాదనని ఐడహో సెనేటర్లిద్దరూ వ్యతిరేకించారు, చివరికి ఆయనే వెనక్కి తీసుకున్నారు.

కానీ పొలం ఇల్లవడం, చలికాలపు మేత ఇల్లవడం ఒకటి కావండి. పొలం పోతే పంట ఇంకోచోట పండుతుంది. జింక తల్లి వెంట నడిచి నేర్చుకున్న దారిలోనే ఏటా దిగుతుంది, ఆ దారికి అడ్డంగా ఇల్లుంటే ఇంకో లోయ వెతుక్కోదు. హైవే 21 మీద ఎన్నో జింకలు కార్ల కింద పడ్డాకే 2023లో వాటి కోసం పైవంతెన కట్టారు, ఐడహోలో మొదటిది. అటువైపు దాటాక వాటికి ఖాళీ కొండ ఉంటేనే ఆ ఖర్చుకి అర్థం.

గోదారోడు:
అయితే కౌంటీ చేత రూలు పెట్టించండి. ఆ మేత భూముల్లో ఎవ్వరికీ, ఎంత డబ్బున్నోడికైనా సరే, పర్మిషన్ ఇవ్వొద్దనండి. అప్పుడు మీతో నేనూ సంతకం పెడతాను. ఒక్క కుటుంబాన్ని ఆపితే రేపు ఆ ప్లాటు ఇంకొకరు కొంటారు.

మెరిడియన్ మావయ్య:
కొత్త లేఅవుట్లకి బాయ్‌సీ ఉన్న ఏడా కౌంటీలో బహిరంగ విచారణ పెడతారు, ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. నేను వెళ్తుంటాను. మన తెలుగువాళ్ళు ఒక్కరూ కనిపించరు.

ప్లేనో పిలగాడు:
అందరికి థాంక్స్. ప్లాటు అడ్వాన్స్ ఇయ్యలే, ఇయ్య కూడ. ముందు మెరిడియన్‌ల కిరాయికి దిగుతం, ఆరు నెలలైనంక లైసెన్సు చూసుకుంట. అన్నా, నువ్వు ఆ విచారణకు పోయేటప్పుడు నాకు ఒక ఫోన్ కొట్టు, వస్త. గోదారన్న చెప్పినట్టు రూలు అందరికి పెట్టాలె, అది మాత్రం అక్కడ నేను గట్టిగనే అడుగుత.