ఆరోగ్యశ్రీ లిస్టులో ఉన్న ఆస్పత్రే "గుండెకి లేదు" అంటోంది. కార్డియాలజిస్టును ఎలా వెతకాలి?

నల్గొండ_రోడ్డు:
నాన్నకి 58 ఏళ్లు, షుగర్ ఉంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు అవుతోంది, కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతోంది. నడిపిస్తూ తీసే ఈసీజీ (టీఎంటీ) పాజిటివ్ వచ్చింది, గుండె నాళాల్లో పూడికలు చూసే యాంజియోగ్రామ్ చేయించమన్నారు. ఫుడ్ సెక్యూరిటీ కార్డు (రేషన్ కార్డు) ఉంది. ఆన్‌లైన్ లిస్టులో పేరున్న ఓ ఆస్పత్రికి ఫోన్ చేస్తే "మా దగ్గర హార్ట్‌కి ఆరోగ్యశ్రీ లేదండి" అన్నారు. లిస్టులో పెట్టి లేదనడమేంటి? ముందు మంచి డాక్టర్ని చూసుకుని కార్డు సంగతి తర్వాత అడగాలా, కార్డు తీసుకునే చోటే వెతకాలా?

ఫైలు_సంచి:
వాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆరోగ్యశ్రీ అనుమతి ఆస్పత్రి మొత్తానికి కలిపి రాదు, విభాగాల వారీగా వస్తుంది. ఎముకలకి, కిడ్నీలో రాళ్లకి ఉండి గుండెకి లేని ఆస్పత్రులు బోలెడు. కాబట్టి లిస్టులో పేరు చూసి ఆగిపోకండి, ఆ పేరు ఎదురుగా ఏ విభాగాలున్నాయో చూడండి.

గుండెకి రెండు విభాగాలు. కార్డియాలజీ అంటే యాంజియోగ్రామ్, స్టెంట్, పేస్‌మేకర్. కార్డియోథొరాసిక్ సర్జరీ అంటే బైపాస్, వాల్వ్ మార్పిడి. మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి రెండూ ఉన్న చోటికే వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లలో రెండు మూడు రక్తనాళాలు పూడుకుపోయి ఉంటే చాలా సందర్భాల్లో స్టెంట్ల కన్నా బైపాసే ఎక్కువ కాలం మేలు చేస్తుంది. యాంజియో, స్టెంట్ చేసే క్యాథ్‌ల్యాబ్ మాత్రమే ఉన్న చోట ఆ మాట తేల్చి చెప్పే సర్జన్ ఉండడు. అయితే అవసరం లేకపోయినా స్టెంట్ల వైపు మొగ్గుతారు, లేదంటే యాంజియో సీడీ చేతిలో పెట్టి ఇంకో ఆస్పత్రికి పంపిస్తారు. అక్కడ మళ్లీ మొదటి నుంచీ.

డాక్టర్ ముందా, కార్డు ముందా అన్నారు. స్కీము డాక్టర్ వెంట రాదు. అదే కార్డియాలజిస్టు పొద్దున ఆరోగ్యశ్రీ ఉన్న నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఉంటారు, సాయంత్రం సొంత క్లినిక్‌లో కూర్చుంటారు. క్లినిక్‌లో ఫీజు మీదే, అక్కడ రాసిన పరీక్షలూ మీవే. నచ్చిన డాక్టర్ ఉంటే "మీరు ఆరోగ్యశ్రీ కేసులు ఏ ఆస్పత్రిలో చేస్తారు" అని సూటిగా అడగండి, చెబుతారు.

ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి మీ జిల్లాతో పాటు హైదరాబాద్‌లోనూ కార్డియాలజీ, కార్డియోథొరాసిక్ సర్జరీ రెండూ ఉన్న ఆస్పత్రుల పేర్లు అడగండి. తర్వాత ఆస్పత్రికి ఫోన్ చేసినప్పుడు రిసెప్షన్‌తో తేల్చుకోకండి, అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రకి కలపమనండి. "ఈ వారం కార్డియాలజీ కేసులు తీసుకుంటున్నారా" అనేదే అసలు ప్రశ్న. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులున్నాయి. క్యాథ్‌ల్యాబ్ రిపేరులో ఉన్నా లిస్టులో పేరు అలాగే ఉంటుంది.

ప్రభుత్వ రంగంలో నిమ్స్‌లో రెండు విభాగాలూ ఉన్నాయి. ఉస్మానియా, గాంధీ కూడా చూడొచ్చు. రద్దీ ఎక్కువే, అయితే అక్కడ చేసే చేతులకి రోజూ పని.

రాత్రి_డ్యూటీ:
పై సమాధానమంతా నొప్పి నిలకడగా ఉన్నవాళ్ల కోసం. కూర్చున్నా నొప్పి వస్తున్నా, కూర్చున్నాక కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టి ఎడమ చెయ్యో దవడో లాగుతున్నా లిస్టు పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగే దగ్గరి ఆస్పత్రికే వెళ్లండి. ఆ ఇంజెక్షన్ పన్నెండు గంటల లోపు ఇస్తారు, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తేనే ఎక్కువ కండరం దక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా ఆయాసం, వాంతి మాత్రమే రావచ్చు. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగేది ఎక్కువగా వీళ్లే.

ఎమర్జెన్సీలో చేర్చుకుని ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఆరోగ్యశ్రీలో ఉంది. కార్డు తర్వాత తెచ్చి చూపించొచ్చు. "కార్డు లేనిదే చేర్చుకోం" అంటే అక్కడి నుంచే 104కి ఫోన్ చేయండి.

ఫైలు_సంచి:
అవును, అది ముందే రాయాల్సింది. ఇక కాగితాల సంగతి.

టీఎంటీ రిపోర్టు చివరి పేజీ ఒక్కటే కాదు, గ్రాఫులున్న పేజీలన్నీ తీసుకెళ్లండి. అనుమతిచ్చే డాక్టర్లు గ్రాఫు చూస్తారు, "పాజిటివ్" అన్న మాట చూడరు. ఈసీజీలు తీసినరోజే జిరాక్స్ తీయించండి. ఆ గులాబీ గళ్ల కాగితం వేడికి, ప్లాస్టిక్ కవర్లో నలిగి కొన్నాళ్లకి వెలిసిపోతుంది, అప్లోడ్ చేసేసరికి గీత కనిపించదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కొత్తది ఉండాలి, ఎందుకంటే యాంజియోలో ఎక్కించే మందు కిడ్నీల మీద పడుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే ముందే చెప్పండి, ఆపాలా వద్దా డాక్టర్ చెబుతారు.

యాంజియోకి ముందు ఆరోగ్యమిత్రని ఒక మాట అడిగి తేల్చుకోండి: పూడికలేవీ లేవని వస్తే ఆ ఖర్చు ఎవరిది? ఇక్కడే చాలామందికి చివర్లో బిల్లు వచ్చి గొడవవుతుంది.

ఇంకోటి. యాంజియో టేబుల్ మీద ఉండగానే బయటికొచ్చి "ఇప్పుడే వేసేస్తాం, కార్డు అప్రూవల్‌కి టైం పడుతుంది, డబ్బు కట్టి సంతకం పెట్టండి" అంటారు కొన్నిచోట్ల. నిలకడగా ఉన్న కేసులో ఆ తొందర అక్కర్లేదు. టేబుల్ దింపి, యాంజియో ఫొటోలు అనుమతులిచ్చే ఆరోగ్యశ్రీ ట్రస్టుకి పంపి, అనుమతి వచ్చాక చేయొచ్చు. ఆ మధ్యలో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోవచ్చు. టేబుల్ మీద బీపీ పడిపోతేనో, ఎడమవైపు ప్రధాన నాళం మూసుకుపోయే స్థితిలో ఉంటేనో మాత్రం వాళ్ల మాట వినాలి.

నల్గొండ_రోడ్డు:
చాలా థ్యాంక్స్ అన్నా. రెండు సందేహాలు. కార్డులో నాన్న ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. ఇంకా "ఆరోగ్యశ్రీ స్టెంట్ మామూలుది, మంచిది కావాలంటే తేడా కట్టాలి" అంటారట, నిజమా?

మీసేవ_మెట్లు:
పేరు తేడా ఉంటే చేరే రోజు దాకా ఆగకండి. కార్డు నంబరు, ఆధార్ రెండూ తీసుకెళ్లి ఆరోగ్యమిత్ర చేత ఆన్‌లైన్‌లో వివరాలు తీయించండి. పేషెంట్ లేకపోయినా ఇది చూడగలరు. అసలు పేరే లేకపోతే మీసేవలో సభ్యుడిగా చేర్పించాలి, దానికి సమయం పడుతుంది కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నాన్నగారి దగ్గరే ఉండాలి. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మెషిన్ తీసుకోకపోతే ఓటీపీయే దిక్కు.

స్టెంట్ తేడా మాట నమ్మకండి. ప్యాకేజీలో వచ్చే చికిత్సకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మందు పూత స్టెంట్ల గరిష్ఠ ధర 2017 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వమే నిర్ణయిస్తోంది, లక్షల్లో తేడా ఉండే కాలం పోయింది. వేసిన ప్రతి స్టెంట్‌కీ బ్యాచ్ నంబరున్న స్టిక్కర్ వస్తుంది, దాన్ని డిశ్చార్జి కాగితం మీద అంటించమనండి. రెండు వేశామన్నచోట ఒకే స్టిక్కర్ ఉంటే అడగండి. డబ్బు అడిగితే రసీదు అడగండి, సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

బెజవాడ_బస్సు:
ఆంధ్ర కార్డుతో చదువుతున్నవాళ్లకి: మనది ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణ లిస్టు మనకి వర్తించదు. నంబరు ఇక్కడా 104నే. 70 ఏళ్లు నిండినవాళ్లు ఆదాయంతో పనిలేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఏడాదికి 5 లక్షలు. ఆస్పత్రుల వివరాలకి 14555. ఏ కార్డూ లేనివాళ్లకి పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీలో గుండె ఆపరేషన్లు ఉచితం, కాకపోతే వాళ్లిచ్చిన తేదీకే వెళ్లాలి.

రాత్రి_డ్యూటీ:
తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు, స్టెంట్ పడ్డాక బైపాస్ అవసరమైనా సరిపోతుంది. అందరూ మర్చిపోయేది డిశ్చార్జి తర్వాతిది. పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఇవ్వాలి. స్టెంట్, బైపాస్ అయినవాళ్లకి ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ కూడా ఉంటుంది, పరీక్షలు, మందులు అందులోనే. తేదీలు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి, అదే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ అయిపోయిందని రెండు రోజులు ఆగడం, పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేయడం చేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. పంటి డాక్టర్‌కి స్టెంట్ కాగితం చూపించండి, ఆపాలో వద్దో కార్డియాలజిస్టుని అడిగి చెబుతారు.